ముప్పై ఒకటో పేజీ

ఆ వీధిలో ఆమెను వెనకాల అందరూ చివరిపేజీ అక్క అంటారు. ముందు మాత్రం లైబ్రరీ అక్కే. జిరాక్సు షాపుకీ టైలరు షాపుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది ఆమె రాజ్యం. నాలుగు వేల పైచిలుకు నవలలు, ఒక కౌంటరు, ఒక స్టూలు, తిరగడం కన్నా కిర్రుమనడం ఎక్కువ తెలిసిన ఒక ఫ్యాను. పుస్తకం అద్దెకి పట్టుకెళ్ళి వారంలో తిరిగివ్వాలి. గది వెనక తలుపు తీస్తే వంటిల్లు, దాని పక్కన అమ్మానాన్నల గది. మేడ మీద ఆమె, ఆమె భర్త. ఆయన బస్సు డ్రైవరు. జీవితంలో ఆయన ఆసాంతం చదివినవి బస్సుల మీద బోర్డులేనని ఆమె అంటుంది, ఆయన కాదనడు.

లైబ్రరీలో అన్ని రకాల నవలలూ ఉన్నాయి. జనానికి కావలసింది మాత్రం ఒక్క రకమే. ఒక కుటుంబం ఉండాలి, అందులో ఎవరో ఎప్పుడో ఏదో దాచి ఉండాలి, అది మూడు వందల పేజీల తర్వాత బయటపడాలి. అటక మీద పెట్టె, పెట్టెలో ఉత్తరాలు, ఉత్తరాల్లో ఇంకెవరి పేరో. పిన్ని అనుకున్న మనిషి పిన్ని కాదు, తాతగారు పోయారన్న చోట తాతగారు పోలేదు. ఈమధ్య వచ్చే కొత్త నవలలన్నీ ఇవే. రచయితలంతా ఎవరి అటక వాళ్ళు దులుపుకుంటున్నారని నాన్న వేళాకోళం చేస్తాడు. తమ ఇంట్లో ఏ విశేషమూ లేనివాళ్ళే ఇలాంటివి ఎగబడి చదువుతారని కూడా ఆయనే అంటాడు.

కొత్త పుస్తకం రాగానే అక్క ముందు చూసేది చివరి పేజీ. ఉత్కంఠ అంటే ఆమె ఒంటికి పడదు. చివర ఏమవుతుందో తెలిశాక హాయిగా మొదటినుంచి చదువుకుంటుంది. అది పాఠకులకూ పనికొచ్చింది. కౌంటరు దగ్గర కథ ఎత్తుగడ నాలుగు ముక్కల్లో చెప్పి, "ఒక రుమాలు చాలు" అనో, "రెండు పట్టుకెళ్ళండి" అనో తేల్చేస్తుంది. ఎవరు పోతారో, ఎవరు ఎవరి బిడ్డో మాత్రం పీక మీద కత్తి పెట్టినా చెప్పదు. ఆ ఒక్క విషయంలోనే. మిగతా విషయాల్లో ఆమె కడుపులో మాట పూటైనా దాగదు.

ఇక ముప్పై ఒకటో పేజీ సంగతి.

అద్దె పుస్తకాలు చదివేవాళ్ళకి ఒక బాధ ఉంటుంది. ఏది చదివారో ఏది చదవలేదో గుర్తుండదు. సగం చదివాక "అయ్యో, ఇది అయిపోయిందే" అని నాలుక కరుచుకుంటారు. అందుకని ఎవరికి వాళ్ళు పుస్తకంలో ఒక రహస్య గుర్తు పెట్టుకుంటారు. లైబ్రరీ పెట్టిన కొత్తలో ఈ గుర్తులు ఎక్కడపడితే అక్కడ పుట్టుకొచ్చేవి. నాన్నకి ఒళ్ళు మండి ఒక రూలు పెట్టాడు. గుర్తు పెన్సిలుతోనే పెట్టాలి, ముప్పై ఒకటో పేజీలో కింది మూలనే పెట్టాలి. ముప్పై ఒకటే ఎందుకంటే, ఆ పేజీ దాకా వచ్చినవాడు పుస్తకం ఎలాగూ వదలడని ఆయన లెక్క.

ఆ మూలలో ఉన్న గుర్తులు చూసి ఎవరు ఏది చదివారో అక్క కళ్ళు మూసుకుని చెప్పగలదు. లెక్కల టీచరుగారిది చిన్న త్రిభుజం. కళ్ళ డాక్టరమ్మది బుల్లి కళ్ళజోడు. టైలరు రూలుని రూలులా చూడడు, పెన్సిలు బదులు మూలన ఎర్రదారంతో ఒక కుట్టు వేస్తాడు. ఎవరిదో తెలియని గుర్తు ఒక్కటే ఉండేది. నిలువుగా చిన్న గీత, దాని కింద చుక్క. వందల పుస్తకాల్లో ఉంది. రిజిస్టరు తిరగేసినా ఏ మెంబరుకీ సరిపోలేదు. నాన్ననడిగితే "డబ్బు కట్టకుండా పక్కిళ్ళలో అడిగి చదివేవాడెవడో అయి ఉంటాడులే" అన్నాడు. ఆమె కూడా సరే అనుకుని ఊరుకుంది.

పదేళ్ళ కిందట నాన్న కౌంటరు ఆమెకి అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటేగానీ, ఆయనకి రోజూ ఒక ఉద్యోగం ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అమ్మకి నవల చదివి వినిపించడం. అమ్మకి చదువు రాదు. చిన్నప్పుడు తమ్ముళ్ళని ఎత్తుకుని తిరగడంతోనే బడి వయసు దాటిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి చెప్పి తల దించుకుంటే, నాన్న "దానికేముంది, నేను చదువుతా, నువ్వు విను" అన్నాడట. నలభై ఆరేళ్ళుగా చదువుతూనే ఉన్నాడు. ముసలమ్మకి ముసలమ్మ గొంతు, పోలీసుకి పోలీసు గొంతు పెట్టి మరీ చదువుతాడు. అమ్మ కింద కూర్చుని చిరిగిన పుస్తకాలు బాగుచేస్తూ వింటుంది. మైదా జిగురు, గుడ్డపీలిక, పైన ఖాకీ కాగితం అట్ట. ఊడిపోయిన పేజీలను వరసలో పేర్చడంలో అమ్మని మించినవాళ్ళు లేరు. అంకెలొచ్చుగా, అని అందరూ అనుకునేవాళ్ళు.

ఇంత సుఖంగా సాగుతున్న ఇంట్లో పేచీ తెచ్చింది కళ్ళ డాక్టరమ్మ. ఆమె పుస్తకం మార్చుకోవడానికి వచ్చినప్పుడు నాన్న అరలు సర్దుతున్నాడు. వరసగా మూడు పుస్తకాలు తలకిందులుగా పెట్టాడు. ఆవిడ చూసింది. అక్కడికక్కడే ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి టార్చి వేసి, "రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయండీ, కుడికన్ను బాగా ముదిరిపోయింది" అంది. "ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు ఎంతవరకు వస్తుందో చెప్పలేను. నేను వచ్చే శుక్రవారం శిక్షణకి వెళ్ళిపోతున్నా, రెండు నెలలుండను. గురువారం తీసుకురండి."

నాన్న కస్సుమన్నాడు. "నా కళ్ళకేం వచ్చింది? రోజూ పాతిక పేజీలు చదివి పారేస్తున్నా. కావాలంటే మా ఆవిడనడగండి."

అమ్మని అడిగారు. అమ్మ జిగురు గిన్నె కలుపుతూ, "చదువుతున్నారమ్మా, నిన్న కూడా చదివారు" అంది, తల ఎత్తకుండా.

అంత గట్టి సాక్ష్యం ఉన్నాక ఎవరేం అంటారు? డాక్టరమ్మ పుస్తకం పట్టుకుని వెళ్ళిపోయింది. అక్కకి మాత్రం గుండెల్లో గుబులు మొదలైంది. ఆ రోజు శనివారం.

సోమవారం ఒక కొత్త నవల వచ్చింది. ముగ్గురు అన్నదమ్ములు పాత ఇల్లు అమ్మేయడానికి వస్తారు, గోడ పగలగొడితే మేనత్త దాచిన ఉత్తరాలు బయటపడతాయి. అక్క చివరి పేజీ చూసింది, రెండు రుమాళ్ళని తేల్చింది, అట్ట వేయమని అమ్మకిచ్చింది. ఆ పొద్దున్నే కౌంటరు దగ్గర నలుగురికి ఎత్తుగడ చెప్పి ఊరించింది కూడా.

మంగళవారం భోజనాల వేళకి టైలరు ఊడిపడ్డాడు. "అక్కా, ఆ మేనత్త నవల ఇవ్వు. మా ఆవిడ ప్రాణాలు తోడేస్తోంది."

వెళ్ళి చూస్తే నవల అమ్మానాన్నల గదిలో కిటికీలో ఉంది. నాన్న స్నానానికి వెళ్ళాడు, అమ్మ పెరట్లో ఉంది. నిన్ననే కదా మొదలుపెట్టారు, రేపు ఇంకోటి తెచ్చిద్దాంలే అనుకుని తీసుకొచ్చేసింది. టైలరు చేతికిచ్చే ముందు అలవాటు కొద్దీ ముప్పై ఒకటో పేజీ తిప్పింది. కింది మూలన నిలువుగా చిన్న గీత, దాని కింద చుక్క. పెన్సిలు పొడి ఇంకా వేలికి అంటుకుంటోంది.

ఇంకా గడప దాటని పుస్తకం అది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. భర్త ఆదివారం డ్యూటీకెళ్ళి ఇంకా తిరిగి రాలేదు, వచ్చినా ఆయన మీద అనుమానపడటం అన్యాయం. నాన్నేనా? ఇన్నాళ్ళూ తనకే తెలియనట్టు నటించాడా? టైలరు "ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు" అని పుస్తకం లాక్కుని వెళ్ళిపోయాడు.

రెండింటికి షట్టరు దించి ఆమె వెనక గదివైపు నడిచింది. లోపలినుంచి నాన్న గొంతు ఖంగున వినిపిస్తోంది. "అప్పుడు మేనత్త గోడ వైపు చూసి ఏమందంటే, ఒరే నాయనలారా, గోడలకి చెవులేనా, కడుపులు కూడా ఉంటాయి..."

అక్క ఉన్నచోటే ఆగిపోయింది. మేనత్త నవల టైలరు ఇంట్లో ఉంది. మరి ఈయన చదువుతున్నది ఏ మేనత్తని?

తలుపు సందులోంచి తొంగి చూసింది. నాన్న వాలుకుర్చీలో దర్జాగా కూర్చుని, ఖాకీ అట్ట వేసిన పుస్తకం రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. లోపల పేజీలో ఫ్యాను బొమ్మ ఉంది, దాని చుట్టూ వైర్లు, బాణం గుర్తులు. పొద్దున అమ్మ అట్ట మార్చిన పుస్తకం అది. 'ఇంట్లో కరెంటు రిపేర్లు మీరే చేసుకోండి'. కిటికీలో నవల పక్కనే ఉంది. అట్టలన్నీ ఒకే రంగు కాబట్టి చేతికి అందింది తీసుకున్నాడు. ఫ్యాను బొమ్మ మీద వేలు పెట్టి ఆయన మేనత్త చేత ఉత్తరం చదివిస్తున్నాడు. సరిగ్గా ఎక్కడ తిప్పాలో అక్కడ పేజీ తిప్పాడు. స్విచ్చి బోర్డు వచ్చింది. మేనత్త ఏడ్చింది.

అక్కకి ముందు నవ్వొచ్చింది. మరుక్షణం అసలు సంగతి వెలిగింది. నాన్నకి ఏమీ కనబడటం లేదు.

అప్పుడే ఆమె అమ్మని చూసింది. అమ్మ కింద కూర్చుని, పుస్తకంలో కనబడుతున్న స్విచ్చి బోర్డు కేసి సూటిగా చూస్తూ, పెదవి బిగబట్టి నవ్వాపుకుంటోంది. "ఊఁ, తర్వాత?" అంది.

నాలుగున్నరకి వంటింట్లో అమ్మని నిలదీసింది.

"అమ్మా, ముప్పై ఒకటో పేజీలో గీతా చుక్కా ఎవరివి?"

అమ్మ గిన్నె తోమడం ఆపలేదు. "ఏ గీత?"

"అబద్ధాలాడకు. రాత్రికి రాత్రి ఆ నవల చదివేశావు. నీకు చదవడం వచ్చు!"

"మెల్లగా మాట్లాడవే, ఆయనకి వినబడుతుంది" అంది అమ్మ. అది ఒప్పుకోవడమే. చేతులు తుడుచుకుని పీట మీద కూర్చుంది. "నేర్పింది నువ్వే కదా."

"నేనా?"

"నువ్వు ఆరో ఏడో చదువుతున్నప్పుడు. ఊడిపోయిన పేజీలకి మూలలు చిరిగిపోయి ఉంటే అంకె ఉండదు కదా. ఈ పేజీ చివర ఏముందే, ఆ పేజీ మొదట ఏముందే అని నిన్నడిగేదాన్ని. నువ్వు విసుక్కుంటూ గట్టిగా చదివేదానివి. రోజూ వింటూ, అక్షరం కేసి చూస్తూ కూర్చుంటే రాకుండా ఎక్కడికి పోతుంది? రెండేళ్ళు పట్టింది."

అంకెలు లేని పేజీలను చదువురాని మనిషి ఎలా పేరుస్తోందని ముప్పై ఏళ్ళలో ఈ ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. అక్కకి సిగ్గేసింది. వేల కుటుంబాల గుట్టు చివరి పేజీలోంచి ముందే లాగేసిన మనిషికి సొంత వంటింటి గుట్టు తెలియలేదు.

"నాన్నకెందుకు చెప్పలేదు?"

"చెబితే చదవడం మానేస్తారు కదే. ఇంక నువ్వే చదువుకోవచ్చు కదా అంటారు. నాకు ఆయన చదవాలి." అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏడాది నుంచీ ఆయనకి అక్షరం ఆనడం లేదు. మొదట్లో అక్కడక్కడా తప్పేవారు. ఇప్పుడు మొత్తం సొంతమే. నువ్వు కౌంటర్లో చెప్పే ఎత్తుగడ చెవిన వేసుకుని వస్తారు, మిగతాది ఆయన అల్లేస్తారు. ఏమైందో తెలియాలిగా, అసలు పుస్తకం నేను తెల్లారగట్ల చదివేస్తా. చెప్పకూడదుగానీ, చాలాసార్లు ఆయనదే బాగుంటుంది. పుస్తకంలో ఆ మేనత్త చచ్చిపోయింది. మీ నాన్న ఎవర్నీ చంపరు."

"మరి డాక్టరుకి చదువుతున్నారని సాక్ష్యం చెప్పావు!"

"ఇంకేం చెప్పను? చదవడం లేదని నాకెలా తెలిసిందంటారు. అప్పుడు ముప్పై ఏళ్ళుగా మోసం చేశానని..." అమ్మ గది వైపు చూసింది. "ఆయన తట్టుకోలేరే."

"గురువారం దాటితే కళ్ళు పోతాయమ్మా."

అమ్మ లేచింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. అక్క ఆ సాయంత్రమంతా నాన్న చుట్టూ తిరిగి బతిమాలింది, బెదిరించింది, అలిగింది. ఆయన చెవిన పెట్టలేదు. "మీ అమ్మనడుగు" అన్న ఒక్క ముక్కతో అన్నిటినీ కొట్టిపారేశాడు. తానే వెళ్ళి మొత్తం చెప్పేద్దామని ఆమె నాలుక పదిసార్లు దురదపెట్టింది. పదిసార్లూ అమ్మ కళ్ళతోనే వద్దంది.

బుధవారం టైలరు నవల తిరిగిచ్చేశాడు. భార్య ఒక్కరోజులో నమిలేసిందట. రెండింటికి అక్క దాన్ని తీసుకెళ్ళి నాన్న చేతికిచ్చి, బయటికొచ్చి తలుపు వెనక నిలబడింది. ఇంక దాపరికానికి ఒక్క పూట మాత్రమే మిగిలింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "నిన్న ఎక్కడ ఆపాం? ఆ, మేనత్త ఓడెక్కింది. ఓడ మీద ఆమెకి ఎవరు కనిపించారంటే..."

"ఏవండీ" అంది అమ్మ. "ఇలా ఇవ్వండి. ఈ పూట నేను చదువుతా."

నాన్న నవ్వాడు. "నువ్వా?"

అమ్మ లేచి ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుంది. పేజీలు తిప్పి, గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టింది. గొంతులు మార్చలేదు, ఎక్కడా తడబడలేదు. అన్నదమ్ములు గోడ పగలగొట్టారు. ఇటుకల మధ్య రేకుడబ్బా. డబ్బాలో పదకొండు ఉత్తరాలు. ఒక పేజీ అయింది, రెండోది అయింది. నాన్న ఒళ్ళో చేతులు ఖాళీగా ఉండిపోయాయి. తలుపు వెనక అక్క జీవితంలో మొదటిసారి చివరి పేజీ ముందే చూసే వీల్లేని కథలో ఇరుక్కుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు నాన్న చివరికి.

"ముప్పై ఏళ్ళు దాటింది."

"అయితే ఈ ఏడాదీ నేను అల్లినవన్నీ..."

"తెలుసు."

"నిన్న?"

"నిన్న మీరు పట్టుకున్నది కరెంటు రిపేర్ల పుస్తకం."

నాన్న లేచాడు. గోడ తడుముకుంటూ తలుపు తోసుకుని, పక్కనే నిలబడ్డ కూతుర్ని కూడా గమనించకుండా షాపులోకి వెళ్ళిపోయాడు. షట్టరు దించిన చీకటి గదిలో అరల మధ్య నిలబడి, పుస్తకాల వీపుల మీద చెయ్యి రాస్తూ ఉండిపోయాడు. అమ్మ లోపల కదలకుండా కూర్చుంది. అరగంట గడిచింది. అక్కకి అది మూడు వందల పేజీలంత పొడుగు.

వెనక్కి వచ్చినప్పుడు ఆయన మొహం ఎర్రగా ఉంది. "ముప్పై ఏళ్ళు నా చేత గొంతు చించుకునేలా చేశావు" అన్నాడు.

"కథ ఒక్కటే కావాలంటే నేనే చదువుకునేదాన్నిగా" అంది అమ్మ. "మీరు చెబుతుంటే వినాలని. అందుకే."

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "నా భయమేంటో తెలుసా?" అన్నాడు. "ఆపరేషన్ అంటే నెలరోజులు పుస్తకం ముట్టొద్దంటారు. బాగవకపోతే అసలే లేదు. నీకా చదువు రాదనుకున్నా. మరి నీకెవరు చదివి పెడతారు? మన అల్లుడా?"

అమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తలుపు వెనక అక్క పరిస్థితీ అదే. రెండు రుమాళ్ళు కూడా చాలేలా లేవు.

"ఇంతకీ మేనత్త చచ్చిపోయిందా?" అన్నాడు నాన్న.

"చచ్చిపోయింది."

"అందుకే ఈ రచయితల్ని నేను నమ్మను" అని, గొంతు పెంచాడు. "అమ్మాయ్, తలుపు వెనక నుంచుంది చాలు గానీ, రేపు ఎన్నింటికి రమ్మంది ఆ డాక్టరమ్మ?"

గురువారం కుడికన్ను అయింది. తర్వాత నెలరోజులు మధ్యాహ్నం రెండింటికి అమ్మ చదివింది, నాన్న విన్నాడు. విన్నాడన్న మాటేగానీ మధ్యలో అడ్డుపడుతూనే ఉన్నాడు. "ఆగు, ఇక్కడ ఆ అన్నగారిని ఓడెక్కిస్తే బాగుండేది" అని.

చూపు పూర్తిగా కాకపోయినా చదువుకునేంత తిరిగొచ్చింది. కొత్త కళ్ళజోడు వచ్చిన రోజు ఆయన తిన్నగా షాపులోకొచ్చి మొదటి అర ముందు స్టూలు వేసుకున్నాడు. ఒక్కో పుస్తకం తీయడం, ముప్పై ఒకటో పేజీ తిప్పడం, గీతా చుక్కా వెతకడం. నాలుగు రోజులు అదే పని. కనబడ్డప్పుడల్లా "ఇది కూడానా!" అని అరుస్తాడు. ఆయన తీసినవన్నీ తిరిగి సర్దలేక అక్కకి నడుం పడిపోయింది.

ఐదో రోజు ఆయన ఒక పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. అమ్మ నాలుగుసార్లు కుట్టి, ఐదుసార్లు అట్ట మార్చిన పుస్తకం. లైబ్రరీలో ఒకటో నంబరు. పెళ్ళయిన వారానికి ఆయన అమ్మకి చదివి వినిపించిన మొట్టమొదటి నవల.

"త్రిభుజం ఉంది, కళ్ళజోడు ఉంది, వాడి ఎర్రదారం ఉంది" అన్నాడు. "నీ గుర్తు లేదేం? ఇది చదవలేదా?"

"లేదు" అంది అమ్మ, జిగురు రాస్తూ. "అది మీరు చదవగా విన్నా కదా. దాన్ని నేను చదవను."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. వాలుకుర్చీ వెలుతురులోకి జరుపుకుని, మొదటి పేజీ తీశాడు.

"అయితే మళ్ళీ విను. ఇప్పుడు కళ్ళు కనబడుతున్నాయి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతా."

"ఉన్నది ఉన్నట్టు చదవమని మిమ్మల్ని ఎవరడిగారు?" అంది అమ్మ.